బదరీవృక్షము క్రింద నిదురించిన ప్రవక్త

పఠనీయ భాగము: 1 రాజులు 19:1–18

గుజరాత్ రాష్ట్రములో తాపీనదీ తీరముననున్న సూరత్ పట్టణమునకు రాత్రి యనునది లేదు. లింబాయత్, ఉధనా ప్రాంతముల సందులలో మరమగ్గముల చప్పుడు తెల్లవార్లును వినవచ్చుచుండును. ఆ మగ్గములయొద్ద నిలువబడి పనిచేయువారిలో తెలుగువారనేకులు కలరు. సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి నేతపని యెరిగిన కుటుంబములు అచ్చటికి వలసపోయి స్థిరపడినవి. వారి పిల్లలకై పురపాలక సంఘమువారు తెలుగు మాధ్యమపు పాఠశాలలను సైతము నడుపుచున్నారు. 12 గంటల పాళి. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. గది అద్దె కట్టవలెను, సేటు యొద్ద తీసికొనిన బాకీ తీర్చవలెను, ఊరికి సొమ్ము పంపవలెను. ఇదియే వారి దినచర్య.

అట్టి కార్మికుని నొకనిని చదువరి తన మనోనేత్రముల యెదుట నిలుపుకొనుట కష్టము కాదు. అతడు నలువది యేండ్లవాడు. స్వగ్రామమునందు బాప్తిస్మము పొందినవాడు; ఆదివారపు ఆరాధనలో కంజర వాయించి కీర్తనలు పాడినవాడు. సూరత్‌లో చాలకాలము గృహకూటమునకు తప్పక వచ్చుచుండెను. ఇప్పుడు రాక మానెను. రాత్రి పాళి ముగించి గదికి చేరినను అతనికి కన్ను మూతపడదు. కారణము లేకయే గుండె దడదడ కొట్టుకొనును, అరచేతులు చెమర్చును. ఊరిలో తమ్ముడు మిద్దె కట్టెను. తోడి పనివాడు సొంతముగా మగ్గములు పెట్టుకొనెను. తానో, కుమార్తె చదువునకు ఈ యేడు సొమ్ము పంపలేకపోయెను. తన వలన ఎవరికి ఏమి ప్రయోజనమను మాట అతని నోట వెడలదు గాని, లోపల అది మగ్గపు నాడెవలె ఎడతెగక ఆడుచునే యుండును. ఒకనాడు ధైర్యము తెచ్చుకొని సంఘములోని ఒక పెద్దతో చెప్పుకొనగా, విశ్వాసము చాలకయే ఇట్లు జరుగుచున్నదనియు, మరింత ఉపవాసముండవలెననియు జవాబు వచ్చెను. ఆ దినము మొదలుకొని అతనికి రెండు భారములాయెను. మొదటిది దిగులు, రెండవది, దిగులుపడుటయే పాపమేమో అను భయము.

ఈ రెండవ భారమును దించుటకు పైనుదహరించిన పఠనీయ భాగమొక్కటి చాలును.

ఏలీయా అల్పవిశ్వాసి కాడు. కర్మెలు పర్వతముమీద ఆకాశమునుండి దిగిన అగ్నిని చూచినవాడు. దీర్ఘమైన కరవు తరువాత తన ప్రార్థనకు ఉత్తరముగా వర్షము కురియుట చూచినవాడు. అయినను యెజెబెలు పంపిన ఒక్క వర్తమానముతో అతని ధైర్యమంతయు జారిపోయెను. ప్రాణభీతిచే యూదా దేశములోని బెయేర్షెబాకు పారిపోయి, తన దాసుని అచ్చటనే విడిచి, అరణ్యములోనికి ఒక దిన ప్రయాణము ఒంటరిగా నడచిపోయెను. పిమ్మట ఒక బదరీవృక్షము క్రింద చతికిలబడి, తనకిక బ్రదుకు వలదని దేవునికి మొరపెట్టెను. తన పితరులకంటె తానేమియు మేలైనవాడు కాడని చెప్పుకొనెను.

చదువరి ఇచ్చట మూడు సంగతులను గుర్తింపవలెను. భయము అతని శరీరమును పరుగెత్తించెను. అలసట అతనిని ఒంటరివానిగా చేసెను. ఒంటరితనములో అతడు తన్ను ఇతరులతో పోల్చుకొని, తనకు విలువ లేదని తానే తీర్పు తీర్చుకొనెను. నేటి వైద్యులు ఆందోళన, మానసిక ఒత్తిడి, ఆత్మన్యూనత అని వేర్వేరు పేళ్లతో పిలుచునవి మూడును ఆ చెట్టు నీడలో ఒక్క మనుష్యునియందు కూడియున్నవి. ఆ మనుష్యుడు దేవుని ప్రవక్త. కావున ఇట్టి స్థితికి లోనైన విశ్వాసి తాను విడువబడితినని తలంపనక్కరలేదు. దేవుడు ఆ చెట్టు క్రింద ఏమి చేసెనో చూడవలెను.

1. నిద్రయు రొట్టెయు

దేవుడు ఏలీయాకు మొదట ప్రసంగము చేయలేదు. అతనిని నిద్రపోనిచ్చెను. దూత వచ్చి అతని తట్టి లేపి, నిప్పులమీద కాలిన రొట్టెను, బుడ్డితో నీళ్లను చూపెను. అతడు తిని త్రాగి మరల పండుకొనెను. దూత రెండవమారు లేపి భోజనము పెట్టెను. ముందున్న ప్రయాణము అతని బలమునకు మించినదని తెలిపెను. గద్దింపు ఒక్కటియు లేదు. అలసిన శరీరమునకు కావలసినది మొదట అందెను.

మానవ శరీరమును నిర్మించిన దేవునికి దాని నియమములు తెలియును. భయము కలిగినపుడు శరీరము పోరాటమునకో పరుగునకో సిద్ధపడును; గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగిసికొనును. ఆపద లేనప్పుడు కూడ ఈ స్థితి కొనసాగుటయే ఆందోళన. ఊపిరిని మెల్లగా లోనికి తీసికొని, అంతకంటె మెల్లగా బయటికి విడుచుచు కొన్ని నిమిషములు గడిపినచో శరీరము నెమ్మదించును. రాత్రి పాళి చేయువాడు పగటివేళ గదిని చీకటి చేసికొని, ప్రతి దినము ఒకే వేళకు పండుకొనుటయు, పాళి చివరి గంటలలో టీ మానుటయు, నిద్రకై మద్యమును ఆశ్రయింపకుండుటయు ఆత్మీయజీవితమునకు అన్యమైన సంగతులు కావు. దూత తెచ్చిన రొట్టె యెట్టిదో ఇవియు నట్టివే. కొన్నిసార్లు రక్తహీనతయు, కంఠములోని థైరాయిడ్ గ్రంథి దోషమును ఇట్టి లక్షణములనే చూపును గనుక వైద్యుని యొద్ద పరీక్ష చేయించుకొనుటయు యుక్తము.

2. అడిగి వినిన దేవుడు

బలము పొందిన ఏలీయా హోరేబు పర్వతమునకు చేరి యొక గుహలో బసచేయగా, అతడచ్చట ఏమి చేయుచున్నాడని దేవుడు అడిగెను. సర్వజ్ఞునికి తెలియక అడుగలేదు. చెప్పుకొనుట ఏలీయాకు అవసరమై యుండెను. ప్రవక్త తన బాధనంతయు వెళ్లగ్రక్కెను. పెనుగాలి, భూకంపము, అగ్ని గడచిన పిమ్మట దేవుడు మెల్లని స్వరముతో మరల అదే ప్రశ్న నడిగెను. ఏలీయా మొదట చెప్పిన మాటలనే మరల చెప్పెను. ఇదివరకే చెప్పితివి గదా యని దేవుడు విసుగుకొనలేదు. ఒకే దుఃఖమును రెండుమారులు చెప్పుకొనుటకు అతనికి సెలవు దొరికెను.

సంఘపు పెద్దలు ఈ పాఠమును నేర్చుకొనుట ఎంతయు అవసరము. దిగులుతో వచ్చినవానికి తొందరపడి వాక్యము చదివి పంపివేయుట సులభము. గంటసేపు వినుట కష్టము. అయితే ప్రభువు చేసినది రెండవదే.

వినుటకు భాష కావలెను. ఈ విషయములో సూరత్ పట్టణపు చరిత్రయే సాక్ష్యము చెప్పుచున్నది. 1815లో లండను మిషనరీ సంఘమువారు అచ్చట సేవ ప్రారంభించిరి. జేమ్స్ స్కిన్నర్, విలియమ్ ఫైవీ అను మిషనరీలు అచ్చటి ప్రజల గుజరాతీ భాషను నేర్చి, అందులోనికి పరిశుద్ధ గ్రంథమును అనువదించి, 1820ల తొలి సంవత్సరములలో ఆ పట్టణమునందే అచ్చు వేయించిరి. మనుష్యుని హృదయము మాతృభాషలోనే తెరువబడునని వారెరుగుదురు. మగ్గపు కార్మికుడు బజారులో హిందీ మాటలాడును, సేటుతో గుజరాతీ మాటలాడును; కన్నీరు మాత్రము తెలుగులోనే కార్చును. అతని బాధను వినువారు తెలుగెరిగినవారైయుండుట గొప్ప మేలు.

3. ఏడు వేలమంది

ఏలీయా రెండుమారులు చెప్పిన మాటలలో ఒక పొరపాటున్నది. తానొక్కడే మిగిలితినని అతడు చెప్పెను. అది నిజము కాదు. బయలుకు మోకాలు వంచనివారు ఇశ్రాయేలులో ఏడు వేలమంది యున్నారని దేవుడు చెప్పెను. ఇందులో మరియొక విశేషము కలదు. అంతకుముందే, పదునెనిమిదవ అధ్యాయములో, తాను నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించితినని ఓబద్యా ఏలీయాకు స్వయముగా తెలిపియుండెను. ఏలీయా ఆ వార్తను తన చెవులార వినియుండెను. అయినను బదరీవృక్షము క్రిందను, హోరేబు గుహయందును అది అతనికి జ్ఞాపకము రాలేదు. దిగులు అబద్ధమును క్రొత్తగా కల్పించుట మాత్రమే గాక, ఎరిగిన సత్యమును సైతము మరపించును.

20వ శతాబ్దములో 1960ల ప్రాంతమున ఏరన్ బెక్ అను అమెరికా మానసిక వైద్యుడు దిగులుతో కుములువారి మాటలను శ్రద్ధగా విని, వారి మనస్సులో తమంతట తామే మెదలు తలంపులు కొన్ని యున్నవనియు, వాటిని వారు విచారింపకయే నిజమని నమ్ముచున్నారనియు కనుగొనెను. ఆ తలంపును బయటికి తీసి, నిజముతో సరిపోల్చి చూచుటయే అతడు రూపొందించిన చికిత్సకు మూలము. ఆ పద్ధతి నేడు లోకమంతట వాడబడుచున్నది. ఎదుట కూర్చుండియు, టెలిఫోను ద్వారాను, ఆన్‌లైన్‌లోను నేర్పబడుచున్నది.

అది చదువుకొనినవారికే పరిమితమైన విద్య కాదు. ఒక కాగితమును తీసికొని నిలువుగా మూడు భాగములు చేయవలెను. మొదటి భాగములో బాధించు తలంపును ఉన్నదున్నట్లు వ్రాయవలెను: "నేను దేనికిని పనికిరానివాడను." రెండవ భాగములో ఆ తలంపునకు ఆధారమేమో వ్రాయవలెను: "ఈ యేడు కుమార్తె చదువునకు సొమ్ము పంపలేదు." మూడవ భాగములో దానికి విరుద్ధమైన సంగతులను వ్రాయవలెను: "పదునైదేండ్లు ఇల్లు నడిపితిని. క్రొత్తగా వచ్చిన ముగ్గురు పిల్లవాండ్రకు పని నేర్పితిని. ఈ యేడు కూలి తగ్గినది, నా చేతి పని తగ్గలేదు." పిమ్మట న్యాయాధిపతివలె మూడింటిని చదివి, సత్యమునకు దగ్గరగానున్న మాటను క్రింద వ్రాయవలెను: "ఈ యేడు కష్టముగా నున్నది, అయినను నేను పనికిరానివాడను కాను." ఇది తన్నుతాను పొగడుకొనుట కాదు. దేవుడు ఏలీయాను పొగడలేదు. అతనికి సరియైన లెక్క చెప్పెను.

ఈ లెక్కలో విశ్వాసి వ్రాసికొనవలసిన మరియొక పంక్తి యున్నది. తమ్ముని మిద్దెతోను, పొరుగువాని మగ్గములతోను మనుష్యుడు తన విలువను కొలుచుకొనును. అయితే క్రీస్తు అతనికై చెల్లించిన క్రయధనము ఆ కొలతలకు లొంగునది కాదు.

4. పనియు తోడును

దేవుడు పిమ్మట ఏలీయాకు పని యొప్పగించెను. దమస్కు అరణ్యమార్గమున మరలిపోయి, హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకింపవలెనని చెప్పెను. మనస్సు కుదుటపడిన తరువాత పనిచేయుదునని దిగులుపడినవాడు కాచుకొనును; అయితే చిన్నపని చేయుటవలన మనస్సు కుదుటపడుటయు కలదు. స్నానము చేసి తాపీతీరమున కొంతదూరము నడచుట, ఊరిలోని తల్లితో ఐదు నిమిషములు మాటలాడుట, కూటములో చివరి వరుసలోనైనను కూర్చుండుట, ఇట్టివి దినమున కొకటి చొప్పున ముందుగా నిర్ణయించుకొని చేయుట గొప్ప ఔషధము. గోవాలో సంగాత్ అను సంస్థవారు ఈ మార్గమును పరీక్షించిరి. వైద్యవిద్య చదువని సామాన్యులకు శిక్షణనిచ్చి, తీవ్రమైన కుంగుబాటుతో నున్నవారికి ఆరు మొదలుకొని ఎనిమిది పర్యాయములు ఇట్టి సహాయము చేయించిరి. సాధారణ వైద్యము మాత్రమే పొందినవారికంటె వారు ఎక్కువ మేలు పొందిరని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించెను. పొరుగువాడు సైతము శిక్షణ పొందినచో దూతవంటివాడు కాగలడు.

పనితోపాటు తోడు దొరికెను. బెయేర్షెబాలో దాసుని విడిచి ఒంటరిగా పోయిన ఏలీయా, హోరేబునుండి తిరిగివచ్చి ఎలీషాను కలిసికొనెను. అటుతరువాత వారిరువురు కలిసియే నడచిరి. ఇంగ్లాండు దేశపు కీర్తనకారుడైన విలియమ్ కూపర్ జీవితమంతయు ఘోరమైన దిగులుతో పోరాడెను. 1773లో అతని స్థితి విషమింపగా, పాదిరియైన జాన్ న్యూటన్ అతనిని తన యింటనే యుంచుకొని నెలల తరబడి కనిపెట్టెను. న్యూటన్ ఓల్నీ గ్రామము విడిచి లండనుకు పోయిన పిమ్మటను ఉత్తరములద్వారా ఆ స్నేహము నిలిచెను. కూపర్ దిగులు పూర్తిగా విడువలేదు. అయినను 1779లో వారిరువురి పేర వెలువడిన ఓల్నీ కీర్తనల గ్రంథము నేటికిని సంఘమునకు ఆస్తిగా నిలిచియున్నది. దిగులు తీరనివాడు దేవునికి పనికిరాడను మాట అబద్ధమని దీనివలన తెలియుచున్నది.

5. దూరమునుండి వచ్చు సహాయము

ఎదుట కనబడని మనుష్యునితో మాటలాడుటవలన ఏమి ప్రయోజనమని కొందరు సందేహింతురు. కపెర్నహూములోని శతాధిపతి అట్లు సందేహింపలేదు. ప్రభువు తన యింటికి రానక్కరలేదనియు, మాట మాత్రము చాలుననియు విశ్వసించెను. కానాలో నిలిచి ప్రభువు పలికిన మాట కపెర్నహూములోని ప్రధాని కుమారుని బ్రదికించెను. పౌలు బంధకములలోనుండి వ్రాసిన పత్రికలు తాను చేరలేని ఊళ్లలోని విశ్వాసులను ఓదార్చెను; ఫిలిప్పీ పత్రిక నాలుగవ అధ్యాయములో, చింతను ఎట్లు ప్రార్థనగా మార్చవలెనో, మనస్సును ఏ సంగతులయందు నిలుపవలెనో అతడు వారికి నేర్పెను. కృపకు దూరము అడ్డము కాదు.

భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, టెలీ మానస్ అను సేవను ప్రారంభించెను. 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఏ వేళనైనను ఉచితముగా టెలిఫోను చేయవచ్చును. తెలుగు, గుజరాతీ మొదలగు ఇరువది భాషలలో ఈ సేవ ఏర్పాటు చేయబడినది. మొదట శిక్షణ పొందిన సలహాదారుడు వినును. అవసరమైనచో మానసిక వైద్య నిపుణునికి అప్పగించును. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ దీనికి కేంద్రముగా నున్నది. సూరత్‌లో మగ్గపు కార్మికులవలెనే వజ్రముల సానపట్టువారును బాధ ననుభవించిరి. విదేశములలో గిరాకి తగ్గి అనేకులకు పని పోయి, కొందరు ప్రాణములు తీసికొనిన కాలమున, 2024 జూలైలో గుజరాత్ వజ్రకార్మికుల సంఘమువారు తమవారికొరకు సహాయపు టెలిఫోను నొకదానిని ఏర్పరచిరి. తోడి కార్మికుని మొర వినవలెనని కార్మికులే తలంచుట సంఘములకు మాదిరికరమైన సంగతి.

ఇందులో జాగ్రత్తయు అవసరము. సొమ్ము ముందుగా అడిగి కొన్ని దినములలో సంపూర్ణ స్వస్థత కలుగునని వాగ్దానము చేయువారిని నమ్మరాదు. సలహాదారుని విద్యార్హతను అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. మాటలాడునపుడు ఇతరులు వినని చోటు చూచుకొనవలెను. వైద్యుడు మందు వ్రాసినచో దానిని తనంతట తాను మానరాదు. చనిపోవలెనను తలంపు కలిగినవానిని ఒంటరిగా విడువరాదు. వెంటనే 14416కు, ప్రాణాపాయము సమీపమున నున్నచో 112కు పిలిచి, ఆసుపత్రికి తోడుకొనిపోవలెను. పోలీసు కేసు అగునను భయముతో ఆలస్యము చేయరాదు. 2018 మే నెలలో అమలునకు వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టి ప్రయత్నము చేసినవానిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా ఎంచి, శిక్షకు బదులు సంరక్షణ నియ్యవలెనని విధించుచున్నది. ఏలీయా చావు కోరినపుడు దేవుడు చేసినదియు ఇదియే గదా!

ఇప్పుడు మొదట తలంచుకొనిన ఆ సహోదరుని యొద్దకు తిరిగి రావలెను. అతనికి సంఖ్య తెలిసినంత మాత్రమున చాలదు. ఆ సంఖ్యను నొక్కుటకు చేతికి బలము కావలెను. గృహకూటములోని ఒక సహోదరుడు అతని గదికి పోవును గాక. వాక్యము చెప్పుటకు ముందు రొట్టెయు టీయు తెచ్చును గాక. నీకేమైనదని అడిగి, అతడు చెప్పినది విని, మరల చెప్పినను వినును గాక. పిదప "అన్నా, నేను ఇక్కడనే కూర్చుండెదను, నీవు మాటలాడుము" అని టెలిఫోను చేతికిచ్చి, తలుపు వెలుపల కాచుకొనును గాక. ఒక్కనాటిలో అద్భుతము జరుగకపోవచ్చును. వారము వెంబడి వారము నిద్ర కొంచెము, తలంపు కొంచెము, నడక కొంచెము సరియగుచు వచ్చును. ఏలీయా సైతము ఆ చెట్టునుండి హోరేబుకు ఒక్క గంటలో చేరలేదు. నలువది పగళ్లు, నలువది రాత్రులు నడిచెను.

మగ్గముమీద నూలు తెగినపుడు పనివాడు బట్టనంతయు చింపి పారవేయడు. దారము సరిగా లేదని దానిని శపింపడు. మగ్గము నాపి, తెగిన కొసలను వెదకి, ముడివేసి, మరల నడుపును. ప్రియ చదువరీ, నిన్ను నేయుచున్న దేవుని హస్తము అంతకంటె ఓపిక గలది. నీవు ఏ బదరీవృక్షము క్రింద కూర్చుండియున్నను, ఆయన దూత రొట్టెయు నీళ్లును తీసికొని అచ్చటికి బయలుదేరియున్నాడు. ఆ దూత పొరుగింటి సహోదరుని రూపముననో, వైద్యుని రూపముననో, దూరమునుండి తెలుగులో పలుకరించు ఒక మెల్లని స్వరముగానో రావచ్చును. అతడు తట్టినపుడు లేచి భుజింపుము. నీవు లేచినవాడవైతివా, ఇంకను పండుకొనియున్నవాని యొద్దకు నీవే రొట్టె తీసికొనిపొమ్ము.

సమస్తమైన ఆదరణకు తండ్రియైన దేవుడు అలసినవారిని లేపి, ఒంటరివారికి తోడునిచ్చి, వారి ప్రయాణమంతట బలపరచును గాక! ఆమేన్.